హాజరు పట్టీలో లేని పేరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"ఇంజనీరువి గదా, పిల్లలకి పనికొచ్చే సాంకేతిక విషయం ఏదైనా చెప్పు" అన్నారు కమిటీ వాళ్లు. నేను రాకెట్లు ఎగరేసినవాణ్ణి కాదు, కంపెనీలు పెట్టినవాణ్ణీ కాదు. అందుకని చిన్న విషయమే తెచ్చాను. కిందటి సంక్రాంతి సెలవుల్లో, ఇక్కడే, మన చెవిటికల్లులో మా ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరుతో మూడు రోజులు కుస్తీ పట్టాను. పాత గ్రాఫిక్స్ కార్డు తీసి కొత్తది పెడితే, అందులోని ఒక సాఫ్ట్‌వేరు ఆ కార్డు ఉన్నట్టే ఒప్పుకోలేదు. ఆ కుస్తీ చివర నాకు ఈ బడి గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో చివర్లో చెబుతాను.

ముందు ఆ సాఫ్ట్‌వేరు సంగతి. దాని పేరు బోయింక్. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బర్క్‌లీ క్యాంపస్‌లో తయారైంది. అది చేసే పని ఇక్కడున్న మాస్టార్లందరికీ బాగా తెలిసిందే. పదో తరగతి పరీక్షలయ్యాక స్పాట్ వాల్యుయేషన్ పెడతారు గదా. లక్షల జవాబు పత్రాలు ఒక్కరు దిద్దాలంటే జన్మంతా చాలదు. కట్టలు కట్టి పంచుతారు. ఎవరి కట్ట వారు దిద్ది మార్కులు అప్పజెబుతారు. బోయింక్ కూడా అంతే. శాస్త్రవేత్తల దగ్గర ఉన్న లెక్క చాలా పెద్దది. దాన్ని చిన్న చిన్న కట్టలుగా కట్టి, ఇంటర్నెట్ ద్వారా ప్రపంచంలో ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్ల కంప్యూటర్లకు పంచుతుంది. మన కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఆ లెక్క చేసి జవాబు వెనక్కి పంపుతుంది. డబ్బులేమీ రావు. కరెంటు ఖర్చు కూడా మనదే.

ఈ పద్ధతిని సామాన్య జనంలోకి తెచ్చింది 1999 మే నెలలో మొదలైన సెటీ ఎట్ హోమ్. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్లో ఎవరైనా పిలుస్తున్న జాడ ఉందేమోనని వెతికే పని అది. 50 లక్షల మందికి పైగా అందులో చేరారు. పిలిచినవాళ్లు ఎవరూ దొరకలేదు. 2020 మార్చి 31 నుంచి కొత్త పని పంచడం ఆపేశారు. కానీ ఇళ్లల్లో కంప్యూటర్లన్నీ కలిస్తే ఎంత బలమో లోకానికి తెలిసొచ్చింది.

సరిగ్గా ఆ నెలలోనే మనకు లాక్‌డౌన్ వచ్చింది. నేను హైదరాబాదులో ఇంట్లో కూర్చున్నాను. బయటకు వెళ్లి ఎవరికీ సాయం చేయలేని పరిస్థితి. అప్పుడు ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే ఇంకో పథకంలో నా కంప్యూటరును చేర్చాను. 2000వ సంవత్సరంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పథకం అది. మన ఒంట్లోని ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయో, ఎలా కదులుతాయో లెక్కగట్టి చూపిస్తుంది. కరోనా వైరస్ ప్రొటీన్ల మీద పని మొదలుపెట్టగానే జనం ఎంతగా చేరారంటే, ఆ మార్చి నెలాఖరుకే అందరి కంప్యూటర్లూ కలిసి సెకనుకు చేసే లెక్కలు ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినంత దాటాయి. అప్పటికి ప్రపంచంలో ఏ సూపర్ కంప్యూటరూ అంత వేగం అందుకోలేదు. అందులో నా వంతు సముద్రంలో కాకిరెట్టంత. అయినా ఆ రోజుల్లో రాత్రి పడుకోబోయే ముందు ఆ కంప్యూటరు ఫ్యాను శబ్దం వింటే, నేనూ ఏదో చేస్తున్నాననే ధైర్యం ఉండేది.

2021లో రెండో దఫా కరోనా వచ్చినప్పుడు కంప్యూటరు కార్లో వేసుకుని ఊరికొచ్చేశాను. కొన్నాళ్లు ఇక్కడినుంచే ఉద్యోగం చేశాను. తిరిగి వెళ్లేటప్పుడు దాన్ని మా తమ్ముడి ఇంట్లోనే వదిలేశాను. పిల్ల చదువుకి పనికొస్తుందని, రాత్రిళ్లు బోయింక్ నడుస్తుందని.

ఇక్కడ కార్డు సంగతి చెప్పాలి. కంప్యూటరులో లెక్కలు చేసే మెదడు సీపీయూ. గ్రాఫిక్స్ కార్డు అనేది తెర మీద బొమ్మ గీయడానికి పుట్టింది. తెర మీద లక్షల చుక్కలుంటాయి, ప్రతి చుక్కకీ చిన్న లెక్క ఉంటుంది. అన్నీ ఒకేసారి చేయాలి. మన మిరపచేను చూడండి. చేతిలో పనితనం ఉన్న నలుగురు రైతులున్నారనుకోండి, ఎరువు ఎప్పుడు వేయాలి, మందు ఎంత కొట్టాలి అని ఆలోచించి చేసే పని వాళ్లది. అది సీపీయూ. కానీ కాయ పండాక కోతకి నలుగురు చాలరు. చేను నిండా కూలీలు దిగాలి, మనిషికొక సాలు పట్టి కోసుకుంటూ పోవాలి. అది గ్రాఫిక్స్ కార్డు. నేను కొత్తగా పెట్టిన కార్డు ఎన్విడియా వారి జీటీఎక్స్ 1650. పెద్ద కార్డుల లెక్కన అది చిన్నదే. అందులో కూడా 896 మంది కూలీలున్నారు. అందుకే సైన్సు లెక్కలకు ఈ కార్డులంటే అంత గిరాకీ.

పాత కార్డు ఎందుకు పోయిందంటే, పత్తి వల్ల. నవ్వకండి, నిజం. ఆ ఏడు ధర లేదని మా తమ్ముడు పత్తి ముందుగదిలోనే పోశాడు. ధర వచ్చినప్పుడు అమ్ముదామని. కంప్యూటరూ ఆ గదిలోనే ఉంది. దూది నూగు మెల్లగా లోపలికి చేరి ఫ్యాను చుట్టూ చుట్టుకుంది. ఫ్యాను పట్టేసింది. కార్డు వేడెక్కి వేడెక్కి ఒక రాత్రి ప్రాణం విడిచింది. తప్పు కార్డుది కాదు, పత్తిదీ కాదు. అక్కడ పెట్టిన నాది.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వేరే కార్డు కొనుక్కుని భోగి ముందురోజు ఊళ్లో దిగాను. ఈ కార్డుకు 75 వాట్లు చాలు, స్లాటు నుంచే కరెంటు తీసుకుంటుంది, విడిగా వైరు అక్కర్లేదు. పెట్టె విప్పి, దూదంతా దులిపి, కార్డు బిగించాను. తెర మీద బొమ్మ వచ్చింది. పని అయిపోయింది, అరిసెలు తిందాం అనుకున్నాను.

బోయింక్ తెరిచాను. దాంట్లో ఈవెంట్ లాగ్ అని ఒకటుంటుంది. అది మొదలైనప్పటి నుంచి ఏం చూసింది, ఏం చేసింది వరసగా రాసుకునే దినచర్య లాంటిది. అందులో 'పనికొచ్చే జీపీయూలేవీ దొరకలేదు' అన్న అర్థంలో ఒక వాక్యం.

మా తమ్ముడి కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి, మన బడే. పక్కనే స్టూలు వేసుకు కూర్చుంది. "పెదనాన్నా, తెర మీద బొమ్మ కనపడతంది గదా. కార్డు లేకపోతే బొమ్మెట్టా వచ్చింది?" అంది.

మంచి ప్రశ్న. నేను దానికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. బొమ్మ చూపించడం వేరు, లెక్క చేయించడం వేరు. ఏ కార్డు పెట్టినా ఆపరేటింగ్ సిస్టం తన దగ్గరున్న మామూలు డ్రైవరుతో తెర వెలిగిస్తుంది. డ్రైవరంటే కార్డుకీ కంప్యూటరుకీ మధ్య దుబాసీ. ఆ మామూలు దుబాసీకి 'బొమ్మ గీయి' అనే మాట ఒక్కటే వచ్చు. లెక్కలు చేయించాలంటే కూడా, ఓపెన్ సీఎల్ అనే రెండు భాషలున్నాయి, అవి తెలిసిన దుబాసీ కావాలి. అది కార్డు చేసిన కంపెనీ ఇచ్చే పూర్తి డ్రైవరులోనే ఉంటుంది. పైగా చనిపోయిన కార్డు వేరే కంపెనీది. దాని డ్రైవరు ముక్కలు ఇంకా లోపల ఉన్నాయి. ముందు వాటిని శుభ్రంగా తీసేయాలి, తర్వాత కొత్తది వేయాలి.

తీసేశాను. కొత్త డ్రైవరు వందల మెగాబైట్లు. ఫోనులో నెట్ పెట్టి దింపుకోవడానికి భోగి రాత్రంతా పట్టింది. తెల్లారి మంటల దగ్గర చలి కాచుకుని వచ్చి డ్రైవరు వేశాను, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. బోయింక్ పని చేస్తోంది గానీ సీపీయూతోనే. కార్డుకు ఒక్క పనీ రాలేదు.

ఇక్కడ నేను చేసిన పని మీరు చేయకండి. లాగ్ చదవలేదు. ముప్పై ఏళ్ల అనుభవం గదా, చదవక్కర్లేదనుకున్నాను. డ్రైవరు సరిగ్గా ఎక్కలేదని తేల్చేసి మళ్లీ తీసి మళ్లీ వేశాను. తర్వాత బోయింక్‌ను సర్వీసుగా గాని వేశానేమో అని చూశాను. విండోస్‌లో సర్వీసుగా వేస్తే అది వెనకాల వేరే గదిలో నడుస్తుంది, అక్కడినుంచి దానికి కార్డు అందదు. అలా లేదు. బోయింక్ కిటికీ మూసి తెరిచి చూశాను. నిజానికి కిటికీ మూస్తే సరిపోదు, లోపల పనిచేసే భాగం ఆగదు. కార్డుల కోసం అది వెతికేది మొదలయ్యేటప్పుడు ఒక్కసారే. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అదీ చేశాను. కార్డుని తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ పెట్టాను. సంక్రాంతి పండుగ పూట ఇంట్లోవాళ్లు పిలుస్తున్నా భోజనానికి లేవకుండా అదే పని. కార్డు మోసమేమో అనే అనుమానం కూడా వచ్చింది. పాపం, అమ్మినాయన్ని మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నాను. ఆయన తప్పేం లేదని తర్వాత తెలిసింది.

కనుమ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి స్టూలు ముందుకు లాక్కుని, "నేను చదవనా పెదనాన్నా?" అంది. దానికి లాగ్‌లో ఏది ముఖ్యమో ఏది కాదో తెలీదు. అందుకని మొదటి లైను నుంచి, ఇంగ్లీషు వాచకం చదివినట్టు ఒక్కో మాటా పైకి చదవడం మొదలుపెట్టింది. పదో పన్నెండో లైను దగ్గర ఆగి, "ఎన్విడియా జీపీయూ సున్నా, ఇగ్నోర్డ్ బై కాన్ఫిగ్ అని ఉంది. ఇగ్నోర్ అంటే పట్టించుకోకపోవడమే గదా? మా టీచరు చెప్పారు" అంది.

నాకు చెమట పట్టింది. కార్డు దొరికింది. భోగినాడు డ్రైవరు వేసినప్పుడే దొరికింది. దొరికిన కార్డుని పట్టించుకోవద్దని ఎవరో రాసిపెట్టారు. ఆ ఎవరో నేనే.

2019లో, హైదరాబాదులో ఉన్నప్పుడు, ఆ పెట్టెలో రెండు కార్డులుండేవి. పెద్దది లెక్కలకి. ఎన్విడియా వారి చిన్న పాత కార్డు ఒకటి తెర కోసం. చిన్నదాని మీద లెక్కల బరువు పడి తెర నత్తనడక నడుస్తుంటే, బోయింక్ ఫోల్డరులో సీసీ కాన్ఫిగ్ అనే ఫైలు తెరిచి, 'ఎన్విడియా సున్నా నంబరు కార్డుని వదిలెయ్' అని ఒక్క లైను రాశాను. ఇలాంటి వాటిలో లెక్క ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలవుతుంది. అంటే సున్నా నంబరు మొదటి కార్డు. ఆ చిన్న కార్డు ఎప్పుడో తీసి మేనల్లుడికి ఇచ్చేశాను. లైను మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు పెట్టిన కార్డు ఆ కంపెనీదే, పెట్టెలో మొదటిది. ఆ పాత మాట దీని నెత్తిన పడింది. సాఫ్ట్‌వేరు తన పని తాను నిజాయితీగా చేసింది. నేను రాసింది చదివింది, నేను చెప్పినట్టు కార్డుని వదిలేసింది, వదిలేశానని కూడా దినచర్యలో రాసింది.

ఆ లైను చెరిపి మళ్లీ మొదలుపెడితే కార్డు పేరు పూర్తిగా పడింది. ఇంకా పని రాలేదు. ఈసారి బుద్ధిగా లాగ్ చదివాం. పని పంచే సర్వరు దగ్గర నా ఖాతాలో ఏ రకం కార్డులకు పని పంపొచ్చో టిక్కు పెట్టే చోటొకటుంది. అక్కడ కూడా ఎన్విడియాకి టిక్కు తీసేసింది నేనే. పెట్టాం. అయిదు నిమిషాల్లో మొదటి పని దిగింది.

అంటే కార్డు స్లాటులో కూర్చుంటే చాలదు. మూడు పట్టీల్లో దాని పేరు ఎక్కాలి. డ్రైవరు ఒకటి, మన ఇంట్లో మనం రాసిన ఫైలు ఒకటి, పని పంచేవాళ్ల దగ్గర మన ఖాతా ఒకటి. ఏ ఒక్క చోట పాత రాత మిగిలినా కొత్తది కళ్లెదుటే ఉండి కూడా లేనట్టే. ఇంట్లో ఎవరైనా ఇలా కార్డు మార్చుకుంటే ఈ వరసలో చూసుకోండి, నాలాగా మూడు రోజులు పోగొట్టుకోకండి. లైనక్సు వాడేవాళ్లకి ఇంకొక్క మాట. అక్కడ బోయింక్ వేరే యూజరు పేరుతో నడుస్తుంది, ఆ యూజరుకు కార్డును ముట్టుకునే అనుమతి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

మేం ఎంచుకున్న పథకం ఐన్‌స్టీన్ ఎట్ హోమ్. 2005లో మొదలైంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీ శాఖ, జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి నడుపుతాయి. మాకు వచ్చిన పని దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ టెలిస్కోపుది. 64 డిష్షులున్న రేడియో టెలిస్కోపు అది. అది పట్టిన సంకేతాల్లో పల్సర్లను వెతకాలి. పల్సరంటే చచ్చిపోయిన పెద్ద నక్షత్రం గుండె. గిరగిరా తిరుగుతూ, లైట్‌హౌసు దీపంలా తిరిగినప్పుడల్లా ఒక కిరణం మనవైపు విసురుతుంది. 2010లో ఈ పథకం మొదటి రేడియో పల్సరును పట్టింది. సెకనుకు సుమారు 41 సార్లు తిరుగుతుంది. దాన్ని పట్టిన లెక్కలు జరిగింది అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక దంపతుల కంప్యూటరులో, జర్మనీలో మైన్జ్ ఊళ్లోని ఇంకో కంప్యూటరులో. 'సైన్స్' పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంలో వాళ్ల పేర్లూ చెప్పారు. వాళ్లు ఖగోళ శాస్త్రవేత్తలేం కాదు, కంప్యూటరు ఇచ్చినవాళ్లు.

ఇద్దరి పేర్లు ఎందుకంటే, ప్రతి కట్టనూ ఇద్దరికి పంపుతారు. ఇద్దరి జవాబూ కలిస్తేనే ఒప్పుకుంటారు. మా మొదటి లెక్క గంట తిరగకముందే పూర్తయింది. కానీ రెండో మనిషి జవాబు వచ్చేదాకా ఆగాలి. ఎవరో, ఏ దేశమో తెలీదు. ముక్కనుమ పొద్దున 'సరిపోయింది' అని వచ్చింది. మా అమ్మాయి ఇల్లంతా గంతులేసింది. పల్సరేం దొరకలేదు. అయినా ఆ లెక్కకు ఆ చోట ఏమీ లేదని తేలింది గదా, ఇక అక్కడ మళ్లీ ఎవరూ వెతకక్కర్లేదు.

కరెంటు సంగతి దాచను. మొత్తం కంప్యూటరు 150 వాట్లు తిన్నా, రాత్రి ఎనిమిది గంటలు నడిపితే రోజుకు యూనిటు పైనే. ఆ కరెంటు ఊరికే రాదు, మన పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బొగ్గు కాలితే వస్తుంది. అందుకే చలికాలం రాత్రిళ్లు మాత్రమే నడపమన్నాను. నందిగామ, జగ్గయ్యపేట ఎండలు మీకు తెలియనివి కావు. మార్చి దాటితే ఆపేస్తాం. పత్తి కూడా ఇప్పుడు వేరే గదిలో పోస్తున్నాడు మా తమ్ముడు.

ఇక బడి ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను.

మా అమ్మాయి 'ఇగ్నోర్ అంటే పట్టించుకోకపోవడమే గదా' అన్నప్పుడు నాకు ఒక ముఖం కనపడింది. 1984 జనవరి. నేను ఎనిమిదో తరగతి, క్లాసు లీడరుని. సంక్రాంతి వెళ్లాక మిరపకోతలకి పైనుంచి కుటుంబాలు వచ్చాయి. అందులో ఒకతను మా ఈడువాడు, వాళ్ల నాన్న తీసుకొచ్చి దించితే మాస్టారు పెద్దమనసుతో, "టీసీ తెచ్చేదాకా పేరు రాయడం కుదరదు, ఈలోగా కూర్చో, పాఠం పోగొట్టుకోకు" అన్నారు. చివరి బెంచీలో గోడవైపు కూర్చునేవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. వడ్డీ లెక్కలు నాకు అర్థమయ్యేట్టు చెప్పింది వాడే.

రోజూ పొద్దున బోర్డు మూల 'పట్టీ ఇంత, హాజరు ఇంత' అని రాసే పని నాది. నేను పట్టీ చూసి రాసేవాణ్ణి. తలలు లెక్కపెట్టేవాణ్ణి కాదు. వాడు గదిలో ఉన్నాడు, నా అంకెలో లేడు. ఒకరోజు, "రేయ్, నన్ను కూడా కలిపి రాయరా, ఒక్కరోజు" అన్నాడు. పట్టీలో లేనోణ్ణి ఎట్టా కలుపుతానని నవ్వాను. నవ్వింది నేను. అది మాస్టారి తప్పు కాదు, బడి తప్పు కాదు. వాడి టీసీ తెప్పించే దారేదైనా ఉందేమో మాస్టారిని ఒకసారి గుర్తుచేసి అడగాల్సింది నేను. అడగలేదు.

కొన్నాళ్లకి వాడు రావడం మానేశాడు. ఏ రోజు మానేశాడో నాకు తెలీదు. ఎందుకంటే ఆ రోజు బోర్డు మీద నా అంకె మారలేదు. ఎవరైనా ఒకరు రాకపోతే 'హాజరు' ఒకటి తగ్గాలి. వాడు రాకపోయినా ఏమీ తగ్గలేదు. వారం తర్వాత వడ్డీ లెక్క అడుగుదామని వెనక్కి తిరిగితే బెంచీ ఖాళీ. చేలో అడిగితే కోతలయిపోయి వెళ్లిపోయారన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఈ స్వర్ణోత్సవానికి కమిటీ వాళ్లు పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. పదో తరగతి రాసినవాళ్ల పేర్లు బ్యాచిల వారీగా తీశాం. మా బ్యాచి పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందకి వెతికాను. లేదని తెలిసీ వెతికాను. ఉండడానికి వీల్లేదు గదా. వాడు ఏ పట్టీలోనూ ఎక్కలేదు.

నలభై ఏళ్ల తర్వాత ఒక యంత్రం నాకు నా రాతే చదివి వినిపించింది. పెట్టెలో ఉన్నదాన్ని లేనట్టు చేసింది నా చేత్తో రాసిన ఒక్క లైను. అది చెరపడానికి అర నిమిషం పట్టింది. అది యంత్రం కాబట్టి అర నిమిషం. మనిషి విషయంలో ఆ అర నిమిషం 1984లోనే అయిపోయింది.

అందుకని రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. గురువులకు చెప్పేంతవాణ్ణి కాదు. కానీ ఇప్పటికీ కోతలకి వచ్చే కుటుంబాలున్నాయి, వాళ్లతో పిల్లలున్నారు. క్లాసు లీడర్లకి ఒక్క మాట చెప్పండి. పట్టీ చూసి కాదు, తలలు లెక్కపెట్టి రాయమనండి. రెండు అంకెలూ కలవకపోతే ఎందుకు కలవలేదో వచ్చి మీకు చెప్పమనండి. లెక్క కలవని చోటే అడగాల్సిన ప్రశ్న ఉంటుంది.

రెండోది, నా తోటి పూర్వ విద్యార్థులకి. గేటు దగ్గర టేబులు మీద ఒక తెల్లకాగితాల నోటుబుక్కు పెట్టించాను, కమిటీ వాళ్లు ఒప్పుకున్నారు. మీ తరగతిలో కొన్నాళ్లు కూర్చుని, టీసీ రాకో, పెళ్లి చేసేసో, పనికి పంపేసో, జాబితాలో మిగలకుండా పోయిన వాళ్లెవరైనా గుర్తుంటే, భోజనానికి వెళ్లేముందు ఆ పుస్తకంలో రాయండి. పూర్తి పేరు తెలియకపోతే తెలిసినంత రాయండి. ఎవరికైనా వాళ్ల ఆచూకీ తెలిస్తే పక్కన అది కూడా రాయండి. వచ్చే ఏడు మన జాబితాలో వాళ్లనీ కలుపుదాం, దొరికినవాళ్లని పిలుద్దాం.

మొదటి లైను నేను రాసేశాను. వాడి ఇంటిపేరు నాకు తెలియదు. పిలిచే పేరు, ఎనిమిదో తరగతి, చివరి బెంచీ గోడవైపు అని రాశాను. ఇక్కడెవరికైనా వాడు తెలిస్తే నాకు చెప్పండి. వడ్డీ లెక్కలు ఇంకా గుర్తున్నాయని వాడికి చెప్పాలి.